లోపల వదిలిన గుడ్డ

మంచి దర్జీ ఎవరైనా బట్ట కుట్టేటప్పుడు కుట్టు పక్కన కాస్త గుడ్డ లోపలికి మడిచి వదిలిపెడతాడు. అది బయటికి కనిపించదు. వేసుకున్నవాళ్ళు రేపు ఒళ్ళు చేస్తే కుట్టు విప్పి, ఆ మడత తెరిచి మళ్ళీ కుట్టుకోవచ్చు. "మనిషన్నాక ఎప్పుడూ ఒకే కొలతలో ఉంటాడా? దేవుడు కూడా మనల్ని కొంచెం వదులు పెట్టే కుట్టి ఉంటాడు" అనేవాడు టైలరు మాస్టారు.

ఆ ఉదయం ఆయన ఆ మడతలు తెరిచే పని మీదే ఉన్నాడు. ఒళ్ళో ఉన్నది భార్య జాకెట్టు. చేతుల కుట్లు బ్లేడుతో ఒక్కొక్కటే తెంపుతూ, లోపలి గుడ్డ బయటికి లాగుతూ, ఏదో కూనిరాగం తీస్తున్నాడు. వేసిన కుట్టు విప్పడమంటే ఏ దర్జీకైనా చిరాకే. ఆయన ముఖం మాత్రం కొత్త మిషను కొనుక్కున్నవాడి ముఖంలా వెలిగిపోతోంది.

పక్క సైకిలు షాపాయన చేతుల గ్రీజు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంటి మాస్టారూ, మళ్ళీ విప్పుతున్నారా? మొన్ననేగా విప్పారు?"

"విప్పనా మరి! చేతులు పట్టట్లేదంటోంది మీ చెల్లెమ్మ."

"ఏం పెడుతున్నారో మా ఇంట్లోనూ కాస్త చెప్పండి. రోజంతా ట్యూబులకి గాలి కొట్టేది నేను, ఉబ్బేది ట్యూబులు. నా ఒంటికి మాత్రం చారెడు కండ పట్టట్లేదు."

"నీ కళ్ళల్లో కారం కొట్ట! ఇప్పుడిప్పుడే కోలుకుంటున్న మనిషి. అలా చూడకు, పో."

ఇద్దరూ నవ్వుకున్నారు. కొట్టు వెనక గదిలోంచి భార్య కూడా నవ్వింది. ఆ నవ్వు కొంచెం ఆలస్యంగా వచ్చింది. మాస్టారు ఆ సంగతి పట్టించుకోలేదు. సంతోషంలో ఉన్న మనిషికి చెవులు కాస్త మందగిస్తాయి.

ఆయన సంతోషంలో తప్పు పట్టడానికి కూడా లేదు. ఏడాది క్రితం ఆమె రొమ్ములో గడ్డ కనిపించింది. క్యాన్సరన్నారు. ఆపరేషను చేశారు. తర్వాత నరంలోకి మందు ఎక్కించడం మొదలుపెట్టారు. మొదటి రకం మందు ఆమెను పిండి ఆరేసింది. తిన్నది నిలవదు, జుట్టు రాలిపోయింది, మనిషి ఎండుపుల్లయింది. అప్పుడు మాస్టారు ఆమె బట్టలన్నీ లోపలికి పట్టి కుట్టాడు. కుడుతూ కుడుతూ, కుట్టు కనపడక మిషను ఆపి కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత రెండో రకం మందు మొదలైంది. వాంతులు తగ్గాయి. నెల తిరిగేసరికి బుగ్గలు నిండాయి, వాటిమీద ఎరుపు కూడా వచ్చింది. పట్టిన కుట్లన్నీ మళ్ళీ విప్పాల్సి వచ్చింది. చచ్చి బతికిన మనిషికి కుట్లు విప్పడం కంటే పండగ ఇంకేముంటుంది?

వీధిలో ఆమె పేరు కాజాలమ్మ. చొక్కాకీ కోటుకీ బొత్తాం దూర్చే కన్నాన్ని కాజా అంటారు. మిషను మీద కాజా ఎవరైనా వేస్తారు. చేత్తో వెయ్యడం వేరు. దారానికి మైనం రాసి, పోగు పక్కన పోగు, చీమల బారులా సాగాలి. ఆమె వేసిన కాజా కోటు చిరిగినా చిరగదని పేరు. ఆ చిన్న కొట్లో ఆయన మిషను గుమ్మం వైపు, ఆమె పీట కిటికీ వైపు. ఇద్దరూ వీపులు ఆనించుకున్నట్టే కూర్చునేవాళ్ళు. ఒక్కో కాజా అయిపోగానే ఆమె దారాన్ని పంటితో టుక్కుమని తెంపేది.

"కత్తెర అన్నది ఒకటుంది లోకంలో" అనేవాడాయన, వెనక్కి తిరక్కుండానే.

"మీ కత్తెర వెతికేలోపు నాకింకో కాజా అవుతుంది" అనేదామె.

ఆ టుక్కుమనే చప్పుడు లేక ఇప్పుడా కొట్టు బోసిపోయింది. కాజాలు బయటికి పంపి మిషను మీద వేయిస్తున్నాడు. ఎన్ని కోట్లు తయారైనా ఆయనకు పని పూర్తయినట్టనిపించడం లేదు.

గోడకి ఒక నల్లకోటు వేలాడుతోంది. అది ఆయనదే. ఊరందరికీ కోట్లు కుట్టి తనకొక్కటీ కుట్టుకోలేదని భార్య పోట్లాడి మరీ మొదలుపెట్టించింది. రెండు కాజాలు పూర్తయ్యాయి. మూడోది సగంలో ఉండగా ఆమెకు ఆసుపత్రి పిలుపొచ్చింది. సూది అలాగే గుడ్డకి గుచ్చి లేచింది. "వచ్చి వేస్తాను, ఎవర్నీ ముట్టుకోనివ్వకండి" అంది. ఆయన ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. వారానికోసారి మాత్రం ఆ సూది తీసి, తుప్పు పట్టకుండా మిషను నూనెతో తుడిచి, మళ్ళీ అదే కన్నంలో గుచ్చేవాడు.

ఆ రోజు జాకెట్టు కుట్లు వదులు చేశాక ఆయనకు ధైర్యం వచ్చింది. కోటు తీసుకెళ్ళి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"ఇంక మొదలుపెట్టు. చలి రాకముందే వేసుకోవాలి నేను."

ఆమె కోటును చాలాసేపు నిమిరింది. సూది పట్టుకుంది. అది వేళ్ళ మధ్య నిలవలేదు. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ జారింది. వేళ్ళు నున్నగా, బిర్రుగా మెరుస్తున్నాయి. వంచితే సగంలోనే ఆగిపోతున్నాయి.

"వెలుతురు చాలట్లేదండీ" అంది.

"మిట్టమధ్యాహ్నం వెలుతురు చాలకపోవడమేంటే? వెలుతురు కాదు, తిని తిని వేళ్ళు బలిశాయి నీకు!"

ఆయన పడీ పడీ నవ్వాడు. ఆమె కూడా నవ్వి, చేతులు కొంగు కింద దాచుకుంది. ఆయన సూదిని మళ్ళీ నూనెతో తుడిచి, ఆగినచోటే గుచ్చి, కోటును గోడకి తగిలించాడు.

ప్రేమ గుడ్డిదంటారు. గుడ్డిది కాదేమో. దానికి ఏది కావాలో అదే కనిపిస్తుంది.

తర్వాతి వారం మందు ఎక్కించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళారు. ముందు బరువు చూశారు. నర్సు ముల్లు వైపు చూసి కనుబొమలు పైకెత్తింది.

"బాగా పెరిగారే! ఒంట్లో ఎలా ఉందమ్మా? ఆకలి బాగుందా?"

ఆమె ఏదో చెప్పబోయింది. ఈలోపు మాస్టారు అందుకున్నాడు. "ఆకలికేం సిస్టర్, నేను దగ్గరుండి తినిపిస్తున్నాను. ఈవిడ కుట్లు విప్పలేక చస్తున్నాను, చూడండి!"

నర్సు నవ్వేసింది. లోపల డాక్టరమ్మ కాగితాలు తిరగేస్తూ అడిగింది. "ఇంకేమైనా ఇబ్బందులున్నాయా అమ్మా?"

బయట బెంచీల నిండా జనం. తలుపు సందులోంచి ఎవరో తొంగిచూస్తున్నారు. "బాగానే ఉన్నానండీ" అంది ఆమె. మందు ఎక్కించి పంపించారు.

ఇంటికొచ్చేసరికి మాస్టారి అక్క వచ్చి ఉంది. ఆ కుటుంబానికి పెద్దదిక్కు ఆవిడే. భక్తి కలిగిన మనిషి. మరదలి ఆరోగ్యం కోసం తల్లడిల్లి, పూటపూటా దేవుడికి మొరపెట్టుకున్న మనిషి. మరదలిని చూడగానే రెండు చేతులూ జోడించింది.

"దేవుడు నా మొర ఆలకించాడురా తమ్ముడూ! ముఖంలో కళ చూడు, చెంపలు చూడు."

"కాళ్ళే కాస్త బరువుగా ఉంటున్నాయి వదినా. మెట్లెక్కితే ఆయాసంగా..." అంది మరదలు నెమ్మదిగా.

"అంత పెద్ద మందు మరి, ఊరికే పోతుందా తల్లీ? ఓర్చుకోవాలి. రోగం పోతోంది కదా, ఆ నొప్పిని దేవుడికి అప్పగించు. నా తల్లివి, ఇంత ఓర్చుకున్నదానివి, ఇంకొంచెం."

మిషను తొక్కుతున్న మాస్టారికి ఆ మాటలు వినిపించాయి. అక్క చెప్పింది కదా, సరిపోయింది అనుకున్నాడు. కాలు ఆపలేదు.

పాఠకులు ఇక్కడ ఆగి చూడాలి. ఈ ఇంట్లో చెడ్డవాళ్ళు ఒక్కరూ లేరు. భర్త ప్రాణం పెట్టేవాడు. ఆడపడుచు తల్లిలాంటిది. పక్క షాపాయన నవ్వించేవాడు. అందరూ ఆమె బాగుండాలనే కోరుకున్నారు. అంతగా కోరుకున్నారు కాబట్టే, ఆమె బాగాలేనని చెప్పడానికి ఆ ఇంట్లో చోటు లేకుండా పోయింది.

ఇంకొన్నాళ్ళకు జాకెట్టు చేతులు మళ్ళీ బిగిశాయి. మాస్టారు పాడుకుంటూనే తిరగేశాడు. అంచు తడిమి చూశాడు. లోపల గుడ్డ లేదు. వదిలినదంతా అయిపోయింది.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! ఉన్న గుడ్డంతా తినేశావు కదే. రా, కొత్తది కుడతాను. ఇలా నిలబడు."

మెడలో టేపు తీసి కొలవడం మొదలుపెట్టాడు. భుజం కొలిచాడు. భుజం పెరగలేదు. మెడ చుట్టూ కొలిచాడు. మెడ తగ్గింది. మెడకింద ఎముకల దగ్గర గుంటలు మునుపటికంటే లోతుగా ఉన్నాయి. ఆయన పాట నెమ్మదించింది. మోచేతి కింద కొలిచాడు. ఏదో తప్పు పట్టాననుకుని మళ్ళీ కొలిచాడు. ఎంతోమంది ఒళ్ళు చెయ్యడం, తగ్గడం చూసిన టేపు అది. మనిషి బలిస్తే ముందు మెడ, భుజం, నడుము చెప్తాయి. మెడ చిక్కి మణికట్టు లావైన మనిషిని ఆయన ఏనాడూ చూడలేదు.

టేపు తీశాడు. అది చుట్టిన చోట చర్మం మీద గాడి పడింది. తడిమట్టి మీద తాడు నొక్కినట్టు. ఆ గాడి పోతుందేమోనని చూశాడు. పోలేదు.

"ఇదేంటే?"

"ఏముంది, మీరు గట్టిగా పట్టారు."

"నేనా? నేను టేపు గట్టిగా పడతానా?"

ఆయన కింద కూర్చుని ఆమె పాదాల మీద చీర కొంచెం పైకి తీశాడు. కాళ్ళు స్తంభాల్లా ఉన్నాయి. మోకాలి కింద చర్మం మైనం పూసినట్టు మెరుస్తోంది. ఏ గుడ్డనైనా బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి చూడటం ఆయన అలవాటు. అలాగే ఆ చర్మాన్ని పట్టబోయాడు. పట్టు దొరకలేదు. చెక్కమీద వేళ్ళు జారినట్టు జారాయి.

ఆయన చీర అంచు వదిలి తలెత్తి చూశాడు.

"ఎప్పటినుంచి?"

"ఈ రెండో మందు రెండోసారి ఎక్కించినప్పటినుంచి. ముందు పాదాలు వాచాయి. తర్వాత బిగుసుకోవడం మొదలైంది."

"మరి చెప్పవేం? నేను పరాయివాణ్ణా?"

"చెప్తే మందు ఆపేస్తారండీ. ఆపేస్తే..." ఆమె గోడమీది కోటు వైపు చూసింది. "అది పూర్తి చెయ్యకుండానే పోతానేమోనని భయమేసింది."

ఆయన కూడా కోటు వైపు చూశాడు.

"ఇంకోటి కూడా" అంది ఆమె. "నాకు జబ్బని తెలిశాక మీరు పాడటం మానేశారు. మళ్ళీ ఈ కుట్లు విప్పేటప్పుడే కదా పాట వినిపించింది? ఆ పాట కోసం ఎంత మొహం వాచిపోయి ఉన్నానో మీకేం తెలుసు. దాన్ని నా నోటితో నేనెలా ఆపను?"

మాస్టారు ఆమె పాదాలు రెండూ ఒళ్ళోకి తీసుకున్నాడు. ఆయన వేళ్ళు ఎక్కడ తాకితే అక్కడ గుంట పడుతోంది. తాను విప్పిన ప్రతి కుట్టూ ఆయనకు గుర్తొచ్చింది. బట్ట బిగిసినప్పుడల్లా అది ఏదో చెప్పింది. చెప్పినప్పుడల్లా తాను కుట్టు వదులు చేసి దాని నోరు మూస్తూ వచ్చాడు.

మర్నాడు కొట్టు తియ్యలేదు. ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. ఈసారి నర్సు అడగకముందే ఆయన చెప్పాడు. "సిస్టర్, ఆవేళ నేను చెప్పింది తప్పు. అది తిండి వల్ల వచ్చిన బరువు కాదు."

డాక్టరమ్మ కాళ్ళూ చేతులూ నొక్కి చూసింది. వీపు మీద గొట్టం పెట్టి వింది. ఛాతీకి ఎక్స్‌రే తీయించింది. ఊపిరితిత్తుల పక్కన కూడా కొంచెం నీరు చేరిందని చెప్పింది.

"ఆపరేషనైన వైపు చెయ్యి ఒక్కటే వాస్తే దానికి వేరే కారణం ఉంటుంది. ఇది ఒళ్ళంతా. ఈ మందు కొందరిలో నీరు పట్టేలా చేస్తుంది. చాలా అరుదుగా చర్మం కూడా ఇలా గట్టిపడి బిగుసుకుంటుంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఎక్కించి ఉంటే ఊపిరికే కష్టమయ్యేది."

"మందు ఆపేస్తారా అండీ?" అంది ఆమె.

"ఈ మందు ఆపుతాను. వైద్యం ఆపుతానని ఎవరన్నారు? దీని బదులు ఇంకో మందుంది. నీరు తగ్గడానికి మాత్రలు ఇస్తాను. నీరు కొన్ని వారాల్లో దిగుతుంది. చర్మం మెత్తబడటానికి మాత్రం నెలలు పట్టొచ్చు. పూర్తిగా మునుపట్లా అవుతుందని ఇవాళ నేను మాటివ్వలేను. వ్యాయామం నేర్పిస్తాం, చూద్దాం." డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "అమ్మా, బాగానే ఉన్నానని ఇక్కడికొచ్చే ఆడవాళ్ళు దాదాపు అందరూ అంటారు. నేనూ అది విని సంతకం పెట్టేశాను. బరువు చూసి ఇంకోమాట అడగాల్సింది నేను. అది నా తప్పు. కానీ నేను మిమ్మల్ని చూసేది కాసేపు. మీ ఇంట్లోవాళ్ళు రోజూ చూస్తారు."

"నేను చూశానండీ" అన్నాడు మాస్టారు తల వంచుకుని. "చూసి సంతోషించాను."

నీరు దిగడం మొదలైంది. మాస్టారు విప్పిన కుట్లన్నీ మళ్ళీ లోపలికి పట్టాడు. చెంపలు తగ్గాయి, ఎరుపు పోయింది. సైకిలు షాపాయన గుమ్మంలో నిలబడి నోరు నొక్కుకున్నాడు.

"అయ్యో, ఏంటి మాస్టారూ, చెల్లెమ్మ ఇంతలా చిక్కిపోయింది? మొన్నటిదాకా బొద్దుగా ఉండేది కదా. జబ్బు తిరగబెట్టిందా ఏంటి?"

"నువ్వు ట్యూబుకి గాలి చూసినట్టు మనిషిని చూడకు నాయనా. లోపలికెళ్ళి, ఎలా ఉందో దాన్నే అడుగు. అడిగి, అది చెప్పేదాకా కూర్చో."

ఆయన కూర్చున్నాడు కూడా. వెళ్ళేటప్పుడు జోకు వెయ్యలేదు. తన షాపులోంచి సైకిలు హ్యాండిలుకి తొడిగే కొత్త రబ్బరు పిడి ఒకటి తెచ్చిచ్చాడు. "మెత్తగా ఉంటుంది చెల్లెమ్మా, పిసుకుతూ ఉండు, వేళ్ళకి మంచిది" అన్నాడు.

కొన్ని నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం అక్క వచ్చింది. మరదలు కిటికీ దగ్గర పీట మీద కూర్చుని ఆ పిడి పిసుకుతోంది.

"ఎలా ఉన్నావు తల్లీ?"

"నీరు పోయింది వదినా. ఆయాసం లేదు. కానీ వేళ్ళు ఇంకా బిగుసుకునే ఉన్నాయి. పొద్దున్న దువ్వెన పట్టుకోబోతే పట్టు చిక్కలేదు. ఇన్నాళ్ళకి జుట్టు వచ్చింది కదా, దువ్వుకుందామంటే... ఏడుపొచ్చింది."

అక్క పెదవులదాకా పాత మాట వచ్చింది. ఓర్చుకో. ఆ మాట ఆవిడకు వాళ్ళమ్మ చెప్పింది, ఆ అమ్మకు వాళ్ళమ్మ. ఆవిడ దాన్ని మింగేసింది. పీట పక్కనే కింద కూర్చుని, మరదలి చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"ఏ వేలు? ఎక్కడ పట్టేస్తోంది? మళ్ళీ చెప్పు, సరిగ్గా చెప్పు. డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను. నువ్వు మర్చిపోతే నేను చెప్తాను."

మరదలు చెప్పింది. మాస్టారు మిషను ఆపి విన్నాడు. చెప్పడం అయ్యాక ఆమె గోడ వైపు చూసింది.

"ఆ కోటు ఇలా ఇవ్వండి."

సూది నూనెతో మిలమిలలాడుతూ అదే కన్నంలో ఉంది. ఆమె దాన్ని రెండు చేతులతో బయటికి లాగింది. ఒక పోగు వేసింది. అది వంకరపోయింది. రెండోది దాని పక్కన కూర్చుంది. మూడోదానికి వేలు సగంలో ఆగిపోయింది. మాస్టారు వీపు తిప్పి కూర్చున్నాడు. ఆ టుక్కుమనే చప్పుడు కోసం ఆయన ప్రాణమంతా చెవుల్లోకి వచ్చింది. చప్పుడు రాలేదు.

"నొప్పెడుతోందండీ" అంది ఆమె. "ఇవాళ్టికి ఇక నావల్ల కాదు."

ఆయన ఇటు తిరిగాడు. ఆ మాట ఆమె నోట వినడం అదే మొదటిసారి. గబగబా లేచి కోటు అందుకున్నాడు. సూదిని నూనెతో తుడిచి, ఆమె ఆపిన మూడో పోగు దగ్గర గుచ్చాడు. కోటును గోడకి తగిలించి, "రేపు చూద్దాంలే" అన్నాడు. కూర్చుని, ఏమీ కుట్టకుండానే, సన్నగా పాడటం మొదలుపెట్టాడు. ఆమె కిటికీకి తల ఆనించి వింది.

అక్క ఆ ఇద్దర్నీ కాసేపు చూసింది. అలవాటు కొద్దీ చేతులు జోడించబోయి, ఆగి, మళ్ళీ మరదలి వేళ్ళే పట్టుకుంది.

"ఓర్పు దేవుడిచ్చిందే, కాదనను. మరి నోరెవరిచ్చారు తల్లీ? అదీ ఆయనే కదా? ఆయనకైతే చెప్పకపోయినా తెలుస్తుంది. మనుషులకి మాత్రం, నొప్పి ఉన్నవాళ్ళు చెప్పాలి, పక్కనున్నవాళ్ళు అడగాలి."